పరారీలో ఉన్న మామయ్య

ఆ ఎన్నికల ఎండాకాలంలో మా ఇంట్లో ఎవరూ ఏదీ ఊరికే "అన్న" పాపాన పోలేదు. కాఫీలో పంచదార తక్కువైందని మా ఆయన ఆరోపించేవారు. నేను ఆ ఆరోపణను తీవ్రంగా ఖండించేదాన్ని. ఇద్దరూ సంయమనం పాటించాలని అత్తయ్య హితవు పలికేది. కుళాయిలో నీళ్లు ఆగిపోతే పరిస్థితి ఉద్రిక్తం, మళ్లీ వస్తే అదుపులో ఉన్నట్టు. నవ్వుకోవడానికి మొదలుపెట్టిన సరదా అది. రోజంతా ఆఫీసులో ఆ పేపరు మాటల్లోనే మునిగి ఇంటికొచ్చాక కాళ్లూ చేతులూ కడుక్కునేవాళ్లం గానీ, నాలుక ఎక్కడ కడుక్కుంటాం?

మేమిద్దరం చేసేది ఒకటే పని, రెండు పేపర్లలో. వచ్చిన వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే సబ్ ఎడిటర్లం. మా పేపరు అధికార పక్షం వైపు, ఆయన పేపరు ప్రతిపక్షం వైపు. పైకి మాత్రం రెండూ ప్రజల పక్షమే. ఒకే మంత్రి ఒకే సభలో ఒకే మాట అంటే, మా దగ్గర స్పష్టం చేసేవాడు, వాళ్ల దగ్గర బుకాయించేవాడు. ప్రతిపక్ష నాయకుడు వాళ్ల దగ్గర నిప్పులు చెరిగితే, మా దగ్గర అక్కసు వెళ్లగక్కేవాడు. కష్టమైన పనేం కాదు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టినట్టు, చూడకుండానే తీసి వేసేదాన్ని. ఆ ఎండల్లో, ఆ సభల మధ్య, ఆ తీసి వేయడమే ప్రాణం విసిగిపోయేలా చేసింది.

మా పేపరు బట్టల కొట్లలోనూ కాంట్రాక్టర్ల ఇళ్లలోనూ కనిపించేది. వాళ్లది బడి పంతుళ్ల గదుల్లో, బస్సు డిపోల్లో. మా వీధి చివర మంగలి మాత్రం రెండూ తెప్పించేవాడు. కత్తి నా చేతిలోనే ఉన్నా బేరం వాళ్ల చేతిలో ఉంది కదమ్మా అనేవాడు. అత్తయ్య రెండు పేపర్లూ చదివి, వాటిమీద ఒక వారపత్రిక కూడా చదివేది. మూడింట్లోకీ నిజాయితీగలది వారపత్రికేనని ఆవిడ తీర్పు. అందులో కథకి పైన కథ అని రాస్తారట.

ఇక మామయ్య. ఆయన అత్తయ్యకు తమ్ముడు, మా ఆయనకు మేనమామ. వరస ప్రకారం నాకు బాబాయి కావాలి. కానీ ఇల్లంతా మామయ్యా మామయ్యా అంటుంటే నా ఒక్కదానికీ వేరే వరస ఎందుకని నేనూ మామయ్యా అనే పిలిచేదాన్ని. షామియానాలు, సభలకి వేదికలు వేయడం ఆయన పని. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. పడక కొట్టు వెనక గదిలో, భోజనం మా ఇంట్లో. ఏ పార్టీ పిలిచినా వెళ్లేవాడు. అవే ఇనప గొట్టాలు, అవే చెక్కలు, పైన పరిచే గుడ్డ రంగే మారేది. "మీదీ నాదీ ఒకటే పనిరా అబ్బాయ్. కింద చట్రం అదే, పైన గుడ్డ మారుస్తాం" అనేవాడు మా ఆయనతో. మేం నవ్వేవాళ్లం. కాస్త చురుక్కుమనేది కూడా.

ఆయనకొక దురలవాటు ఉంది. చెప్పకుండా పోవడం. కంచం ముందు కూర్చుని తింటూ ఉండగా, ఎక్కడో ఏదో గొట్టానికి బిగింపు సరిగా పడలేదని గుర్తొచ్చేది. అత్తయ్య మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి కంచం ఉండేది, మనిషి ఉండేవాడు కాదు. ఒకరోజు మా ఆయన ఆ ఖాళీ కుర్చీ చూసి, వార్త చదువుతున్నంత గంభీరంగా, "నిందితుడు పరారీలో ఉన్నాడు" అన్నారు. అత్తయ్య నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ మాట ఆవిడకి పట్టుబడిపోయింది. చిన్నప్పటినుంచీ తమ్ముడి మీద ఉన్న విసుగూ ప్రేమా అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయేవి. అప్పటినుంచి మా ఇంట్లో మామయ్య పనికి వెళ్లాడని ఎవరూ అనలేదు. పరారీ, అంతే.

కొట్టు బోర్డు మీద ఆయన నంబరు కింద మా ఇంటి ఫోన్ నంబరు కూడా రాయించాడు. ఆయనెప్పుడూ ఏదో మైదానంలో ఉంటాడు కనక బేరాల ఫోన్లన్నీ అత్తయ్యే ఎత్తేది. ఆయన లేడా అని అడిగితే, "పరారీ అండీ" అనేది. పాత బేరగాళ్లకి ఆ మాట అలవాటే. వాళ్లూ నవ్వి, వచ్చాక చెప్పమని పెట్టేసేవాళ్లు.

ప్రతిపక్షం పెద్ద సభ పెట్టిన రోజు వేదిక మామయ్యదే. మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. ముఖం ఎండకి కమిలిపోయి ఉంది. వేదిక మీదకి నాయకులు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదని నిర్వాహకులకి చెప్పాననీ, వాళ్లు అలాగే అలాగే అన్నారనీ, ఆ అలాగేలో తనకి నమ్మకం కుదరలేదనీ చెప్పాడు. నేను ఆఫీసుకి తయారవుతున్నాను. చెయ్యి కడుక్కున్న చప్పుడు వినపడింది, తర్వాత చెప్పుల చప్పుడు. అత్తయ్య నీళ్లగ్లాసుతో వచ్చి, సగం తిన్న కంచం చూసి, "మళ్లీ పరారీ" అంది.

సాయంత్రం వేదిక కూలిపోయింది. నాయకుడికి దండ వేయడానికి ఊళ్లోని చోటా నాయకులంతా ఎగబడ్డారు. టీవీలో అదే బొమ్మ తిప్పి తిప్పి చూపించారు. మనుషులు పైకి ఎక్కుతూనే ఉన్నారు, చెక్కలు ఒక పక్కకి ఒరిగాయి, తర్వాత దుమ్ము. ప్రాణాలు పోలేదు గానీ చాలామందికి కాళ్లూ చేతులూ విరిగాయి. నేను ఆ రోజు సంపాదకీయం పేజీలో ఉన్నాను, ఆ వార్త నా బల్ల మీదికి రాలేదు. మామయ్యకి ఫోన్ చేస్తే మోగింది గానీ ఎత్తలేదు. ఇంటికి చేస్తే ఎంగేజ్. మా ఆయనకి చేస్తే అప్పటికే ఆస్పత్రికి బయల్దేరారు. మామయ్య అక్కడే దొరికాడట. చొక్కా చిరిగి ఉంది, ఫోన్ చెక్కల కింద ఎక్కడో పడిపోయింది. దెబ్బలు తగిలినవాళ్లని మోసి మోసి, కాలు విరిగిన తన పనివాడి మంచం పక్కన నిలబడి ఉన్నాడట. మా ఆయన ఇంటికి తీసుకొచ్చారు. ముందు గదిలో పడుకున్నాడు గానీ నిద్రపోలేదని పొద్దున కళ్లే చెప్పాయి.

పొద్దున్నే రెండు పేపర్లూ గుమ్మంలో పడ్డాయి. మామయ్యే తీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. కళ్లజోడు పెట్టుకుని, కాఫీ పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వాక్యం తడుముతూ చదివాడు. మా పేపరు "నాసిరకం వేదిక, నేతల కక్కుర్తి" అంది. వాళ్లది "కూలిందా? కూల్చారా?" అంది. కిందటి వారం అధికార పక్షానికి వేదిక వేసింది కూడా ఈయనే కనక, వాళ్ల లెక్క ప్రకారం మామయ్య అధికార పక్షం మనిషి. మా లెక్క ప్రకారం ప్రతిపక్షం చవగ్గా తెచ్చుకున్న మనిషి. ఆఖరి వాక్యం మాత్రం రెండింట్లోనూ ఒక్కటే. కాంట్రాక్టర్ పరారీలో ఉన్నట్టు కుటుంబ సభ్యులే అంగీకరించారు, అని మాది. కుటుంబ సభ్యులే వెల్లడించారు, అని వాళ్లది.

నవ్వింది మామయ్య ఒక్కడే.

"అబ్బాయ్, ఇన్నాళ్లకి మీ రెండు పేపర్లూ ఒక్క మాట మీదికొచ్చాయిరా. నేను పరారీలో ఉన్నానంట."

మా ఆయన రెండు పేపర్లూ తన వైపు తిప్పుకుని చూసి, ఇదెవడు రాశాడో కనుక్కుంటానని ఫోన్ కోసం లేచారు. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో పాలగిన్నె.

"కుటుంబ సభ్యులంటే ఎవరే?" అని అడిగింది నన్ను.

ఊరికే అలా రాస్తుంటారు అత్తయ్యా, ఎవరో ఒకరు అని, అన్నాను. మా పనిలో అబద్ధాలు రాయడం వచ్చేమో గానీ ఆడడం నాకు బొత్తిగా రాదు. నా ముఖం చూసి ఆవిడ గిన్నె పక్కన పెట్టింది.

"నిన్న సాయంత్రం రెండు ఫోన్లు వచ్చాయి" అంది. "నాకింకా ఏదీ తెలీదు. బేరమనుకున్నాను."

"ఏమన్నావక్కా?" అన్నాడు మామయ్య, మెల్లగా.

"ఏమంటాను. రోజూ అనేదే అన్నాను. ఎటు వెళ్లాడో చెప్పగలరా అని అడిగితే, మాకెప్పుడు చెప్పి వెళ్లాడు గనక అన్నాను."

మామయ్య పేపర్లు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "తప్పేముంది, ఉన్నమాటే అన్నావు" అని కాఫీ తాగాడు, చివరిదాకా. చల్లారిపోయి ఉంటుంది.

పోలీసులు అప్పటిదాకా ఆయన్ని వెతకనే లేదు. పేపర్లో పడ్డాక వెతక్కపోతే వాళ్లకి నామోషీ. అందుకని వాళ్లు వచ్చేలోపు తనే వెళ్తానన్నాడు. స్నానం చేసి, మా ఆయన చొక్కా ఒకటి వేసుకున్నాడు. భుజాల దగ్గర బిగుతుగా ఉంది. మా ఆయన బయట స్కూటర్ స్టార్ట్ చేశారు. మామయ్య గుమ్మం దాటి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"అక్కా, వెళ్లొస్తాను."

నేను కాపురానికొచ్చాక ఆయన నోటి వెంట ఆ మాట వినడం అదే మొదలు. అత్తయ్య మంచిదిరా అనాలి. ఆవిడ వెళ్లి తమ్ముడి చొక్కా కాలరు సరిచేసింది.

స్టేషన్లో ఎస్సై బల్ల మీద కూడా ఆ రెండు పేపర్లూ ఉన్నాయట. పారిపోయినవాడివి నువ్వే నడిచొస్తే ఎలాగయ్యా అన్నాడట, సగం వేళాకోళంగా. లోపల కూర్చోబెట్టారు. మర్నాడు మా పేపర్లో "ఎట్టకేలకు చిక్కాడు" అని వచ్చింది. వాళ్ల పేపర్లో "కాంట్రాక్టర్ అరెస్టు, తెర వెనక ఎవరు?" అని వచ్చింది. స్కూటర్ వెనక కూర్చుని, బిగుతు చొక్కాలో, తనంతట తానే వెళ్లిన సంగతి ఏ పేపర్లోనూ లేదు. బెయిల్ అడిగితే అవతలి వకీలు, ఇతను ఒకసారి పారిపోయినవాడు, సొంత కుటుంబ సభ్యులే ఒప్పుకున్నారని రెండు పత్రికలూ రాశాయి, మళ్లీ పారిపోడని నమ్మకమేమిటి అన్నాడు. బెయిల్ రాలేదు. ఒక పత్రిక రాస్తే పక్షపాతం అనొచ్చు. రెండూ రాస్తే నిజమైపోతుంది.

అంతవరకూ వచ్చాక నేను మా న్యూస్ ఎడిటర్ దగ్గరికి వెళ్లాను. మంచివాడే. అలసిపోయిన మంచివాడు. సవరణ వేయమని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు.

"కుటుంబ సభ్యులు చెప్పలేదంటావా అమ్మా?"

"చెప్పారు సార్. కానీ ఆ మాట అలా కాదు. మా ఇంట్లో దానికి పనిమీద వెళ్లాడని అర్థం."

"మీ ఇంట్లోనా?"

అప్పుడాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. నన్ను కొత్తగా చూశాడు. ఆ రాత్రి అతను ఎక్కడ ఉన్నాడని అడిగాడు. మా ఇంట్లోనే అన్నాను. మీ ఆయన పనిచేసేది ఫలానా పేపరు కదా అన్నాడు. అవునన్నాను. శీర్షిక ఆయన కళ్లలో తయారవడం నాకు కనిపించింది. నేను కూడా ఆ పనే చేస్తాను కదా, ఆపాటి తెలీదూ. ప్రత్యర్థి పత్రిక ఉద్యోగి ఇంట్లో తలదాచుకున్న కాంట్రాక్టర్. మొదటి పేజీ, పైన. సవరణ వద్దులెండి సార్ అని బతిమాలుకుని బయటపడ్డాను. ఆ పెద్దమనిషి నా ముఖం చూసి వదిలేశాడు. అదే గొప్ప ఉపకారం.

ఇంటికొచ్చేసరికి మా ఆయన చెప్పులతోనే కుర్చీలో కూలబడి ఉన్నారు.

"సవరణ అడిగాను" అన్నారు. "నీ భార్య ఏ పేపర్లో చేస్తుందని అడిగారు."

నేను పక్కన కూర్చున్నాను. అత్తయ్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"వాడెక్కడికీ పోలేదు, అక్క ఇంట్లో తిని పనికి వెళ్లాడు, అని రాయడానికి ఎంత చోటు కావాలే? ఓ మూల వేలెడంత చాలదూ?"

"చోటు ఉంది అత్తయ్యా" అన్నాను. "వైపు లేదు."

ఆవిడకి అర్థమైంది. మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి పేపర్లు గుమ్మంలో పడ్డవి పడ్డట్టే ఉండేవి. వారపత్రిక కూడా విప్పేది కాదు. ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడేది. నేను ఎత్తి ఇస్తే, "ఆఁ", "ఊఁ", "తెలీదండీ", అంతే. ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "చిన్నప్పుడు వాడు చెప్పకుండా పోతే అమ్మ నన్ను కొట్టేది, తమ్ముణ్ని చూసుకోలేవా అని. ఇప్పుడు కొట్టేవాళ్లు కూడా లేరే" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. మడతలన్నీ మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది.

పోలింగు అయిపోయాక గానీ మామయ్యకి బెయిల్ రాలేదు. ఆ సరికి ఎండలు కూడా సన్నగిల్లాయి. గెలిచినవాళ్లు ప్రమాణం చేశారు, ఎవరో వేసిన వేదిక మీద. ఆ తర్వాత విచారణ నివేదిక వచ్చింది. వేదికలో లోపం లేదు, మోయగలిగినదానికన్నా ఎక్కువమంది ఎక్కడమే కారణం అని. ఆ నిజం ఇంక ఏ పక్షానికీ అక్కరకు రాలేదు. మా పేపరు వేయలేదు. వాళ్లది లోపలి పేజీలో, మామయ్య పేరు లేకుండా, రబ్బరు చెప్పుల ప్రకటన కింద వేసింది. మా ఆయన అది కత్తిరించి తెచ్చి చూపించారు. మామయ్య చదివి, బాగుంది, అక్షరాలు కాస్త చిన్నవి, అన్నాడు.

బేరాలు పోయాయి. వీళ్లకి ఆయన వాళ్ల మనిషి, వాళ్లకి ఆయన వీళ్ల మనిషి. బోర్డు దింపేశాడు. గొట్టాలూ చెక్కలూ అమ్మేసి, వాటిని కొన్నతని దగ్గరే మేస్త్రీగా కుదిరాడు. ఇప్పుడు బిగింపులు చూసే బాధ్యత వేరేవాళ్లది. అయినా కంచం ముందు కూర్చున్నప్పుడు ఆయనకి ఏదో గుర్తొస్తున్నట్టు చెయ్యి ఆగేది. ఆగి, మళ్లీ తినేవాడు. కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, గుమ్మంలో నిలబడి, ఎదురింటివాళ్లకి కూడా వినపడేలా చెప్పేవాడు. "అక్కా, కొట్టుకి వెళ్తున్నాను. సాయంత్రం వస్తాను. అమ్మాయ్, వెళ్లొస్తాను." మేం ముగ్గురం తలూపేవాళ్లం. పాత మామయ్యే బాగుండేవాడు, చెప్పకుండా పోయే మామయ్య. ఆ మాట అనడానికి మాత్రం మాలో ఎవరికీ నోరు రాలేదు.

ఇంట్లో ఆరోపించడం, ఖండించడం ఆగిపోయాయి. పంచదార తక్కువైతే మా ఆయన లేచి వేసుకునేవారు. ఎవరేం చెప్పినా ఊరికే అనడమే.

వానాకాలంలో ముసురు పట్టిన రోజు. మామయ్య భోజనం చేస్తున్నాడు. ఫోన్ మోగింది. నేను తడిబట్టలు లోపలికి తెస్తూ చేతులు ఖాళీ లేక, ఎవరో చూడమన్నాను. అత్తయ్య కాసేపు ఆ ఫోన్ వైపే చూసింది. వెళ్లి ఎత్తింది. అవతలివాళ్లు ఏమన్నారో, ఒక్క ముక్క కూడా పూర్తిగా విని ఉండదు.

"ఉన్నాడండీ" అంది. "ఇక్కడే ఉన్నాడు. మా ఇంట్లోనే ఉన్నాడు. భోజనం చేస్తున్నాడు. ఎక్కడికీ పోలేదు. ఆ రోజు కూడా ఎక్కడికీ పోలేదండీ, పనికి వెళ్లాడు."

మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేను దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను. పేపరు వాళ్లు. చందా గడువు అయిపోయింది, కొనసాగిస్తారా అని అడుగుతున్నాడు పాపం ఒక కుర్రగొంతు. ఎవరున్నారంటున్నారమ్మా అని అయోమయపడుతున్నాడు. ఏ పేపరని అత్తయ్య అడగలేదు. నేనూ అడగలేదు.

"నమ్మకపోతే మీరే మాట్లాడండి" అని ఆవిడ ఫోన్ తీగ సాగినంత మేరా సాగదీసి, భోజనాల బల్ల దాకా తెచ్చి తమ్ముడి చెవికి ఆనించింది. "ఒరేయ్, చెప్పరా."

మామయ్య అక్క ముఖంలోకి చూశాడు. ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకున్నాడు.

"ఉన్నానండీ" అన్నాడు.